ఆరు బారల నీళ్లు

నోట్లో చిక్కుడుగింజల ముద్ద కుక్కిన రొట్టె ఉండగానే నెవీన్ తయారుచేసిన సముద్రం పరువు పోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. అలెగ్జాండ్రియాలో, అన్ఫూషీ ఒడ్డున, చెక్కపడవలు కట్టే యార్డు. సగం పలకలు బిగించిన చేపలపడవ నీడలో, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఆమె ఫోన్లో వీడియో చూస్తోంది. అందులో బేరూత్ నుంచి కాయిస్ అనే ఆటగాడు జలాంతర్గామి నడుపుతున్నాడు. ఆటలో అది రెండో యుద్ధకాలం, సెప్టెంబరు నెల, నైలునది రషీద్ దగ్గర సముద్రంలో కలిసే చోటు. పెరిస్కోపు మాత్రం పైకి పెట్టి, పదమూడు మీటర్ల లోతున, నెమ్మదిగా, బుద్ధిగానే వెళ్తున్నాడు. ఉన్నట్టుండి లోతు ముల్లు కదిలింది. పదిహేను. ఇరవై. ఇరవై ఆరు.

"ఒరేయ్, నేనేం చెయ్యలేదురా! దేన్నీ ముట్టుకోలేదు!" అంటూ కాయిస్ పంపులు తిప్పాడు, మోటార్లు పెంచాడు, చుక్కాని ఎత్తాడు. ముప్ఫై నాలుగు దగ్గర పడవ ముక్కు ఇసకలో గుచ్చుకుంది. గొట్టాలు పగిలాయి, దీపాలు ఆరాయి. అతను కెమెరా వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు.

"చూశారుగా. అందరూ ఆహా ఓహో అంటున్న అసలుసిసలు జలాంతర్గామి ఇదే. ఈ నీళ్లు తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, దయచేసి ఆయన చేతికి స్నానాల తొట్టి కూడా ఇవ్వకండి."

ఆ మహానుభావుడు నెవీనే. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, పడవల లెక్కలు కట్టే ఇంజనీరు. వీడియోని ఎనభై వేలమంది చూసేశారు. కింద కామెంట్లలో కన్నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మలు వరసకట్టి ఉన్నాయి.

దుకాణంలో కొన్న ఆటలో సముద్రమంతటికీ ఒకటే అంకె. ఎక్కడైనా ఒకే ఉప్పు, ఒకే బరువు. మీట నొక్కితే పడవ లిఫ్టులా దిగుతుంది, నొక్కితే ఎక్కుతుంది. అది నచ్చనివాళ్లు కొందరు తలో దేశంలో కూర్చుని ఆ ఆట లోపలి ఫైళ్లు విప్పి, పడవ నిజంగా ఎలా నడుస్తుందో అలా తిరగరాస్తున్నారు. దానికి వాళ్లు మాడ్ అని పేరు పెట్టుకున్నారు. పైసా రాని పని. నెవీన్ పద్నాలుగు నెలలుగా ఒక్క నీళ్ల ఫైలు మీదే కూర్చుంది. ఏ తీరంలో, ఏ నెలలో, ఎంత ఉప్పు, ఎంత వేడి. ఊళ్లో ఎవరికైనా చెబితే జాలిగా చూస్తారని యార్డు మేస్త్రీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఫోన్ మళ్లీ మోగింది. మాడ్ జట్టు పెద్ద షెడ్లీ నుంచి సందేశం: "చూశావా? మూడింటికి మాట్లాడాలి."

"ఇంజనీరమ్మా! తిండి అయిందా, లేకపోతే ఫోన్ కూడా నంచుకుంటావా?" అంటూ మేస్త్రీ హమ్మూదా ఉస్తా వచ్చాడు. భుజాన సన్నటి ప్లాస్టిక్ గొట్టం చుట్ట. దాన్నిండా నీళ్లు.

ఆమె లేచి చేతులు దులుపుకుంది. పడవ ఎక్కడిదాకా నీళ్లలో ములుగుతుందో ఆ గీత ఈరోజు గియ్యాలి. గొట్టం ఒక కొస హమ్మూదా పడవ ముక్కు దగ్గర పట్టుకున్నాడు, రెండో కొస ఆమె వెనకవైపు పట్టుకుంది. మధ్యలో బుడగ ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి గొట్టాన్ని వేలితో తడుతూ బుడగల్ని పైకి తరిమింది. రెండు కొసల్లో నీళ్లు ఊగి ఊగి నిలబడ్డాయి. అక్కడ సుద్దముక్కతో చుక్క పెట్టింది.

"మొహం గంటు పెట్టుకున్నావేం?"

"కంప్యూటర్లో నా నీళ్లల్లో ఒకడి పడవ ములిగింది ఉస్తా. లోకమంతా నవ్వుతోంది."

"ములిగితే ఏమైందమ్మా? దానిలో ఏడ్చేవాళ్లు లేరు, విధవలయ్యేవాళ్లు లేరు. ఈ చెక్కది తేలితే నాకు చాలు."

"ఇది తేలుతుంది. అదీ సరిగ్గానే ములిగింది," అంది నెవీన్. ఆ మాట అన్నాక ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది. నిజంగా సరిగ్గానే ములిగింది మరి.

మూడింటికి పలకలు దాచే గదిలో లాప్‌టాప్ తెరిచింది. షెడ్లీ ట్యునీషియావాడు, బిజెర్త్‌లో లెక్కల మాస్టారు. తరగతి మధ్యలో తప్పించుకుని వచ్చినట్టున్నాడు, వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది. మంచివాడే. కానీ పదకొండు వేలమంది ఆటగాళ్లు ఒకేసారి మీద పడితే ఏ మంచివాడికైనా చెమటలు పడతాయి.

"నెవీన్, గురువారం సాయంత్రం కొత్త మాడ్ విడుదల. ముందుగా ఆడి చూడమని ఇచ్చిన ప్రతి మీద పొద్దుణ్ణించి నాలుగొందల ఉత్తరాలు. అందరిదీ ఒకటే పాట, రషీద్ దగ్గర పడవ ఊరికే ములుగుతోందని."

"ఊరికే ములగడం లేదు. సెప్టెంబరులో నైలు వరద. వరద నీళ్లు తేలిక. ఉప్పునీళ్లలో సరితూచుకున్న పడవ అందులోకి వస్తే బరువైపోతుంది. టన్నుకి ఎనిమిది కిలోలు. పడవ ఏడొందల యాభై టన్నులు. అంటే ఆరు టన్నులు ఎక్కువ. మాస్టారివి, హెచ్చవేసుకో."

"హెచ్చవెయ్యడం నాకు తెలుసమ్మా. ఆడేవాళ్లకి తెలీదు. నేను ఆ ఫైలు తీసేస్తున్నాను. పాత అంకె పెట్టేస్తాను. విడుదల పత్రంలో ఇలా రాశాను, విను. 'నెవీన్ చేసిన నీటి తప్పును సరిదిద్దాం. సముద్రమంతా మళ్లీ ఒకే నీరు.'"

నెవీన్‌కి చెవులు వేడెక్కాయి. పద్నాలుగు నెలల పని పోతే పోయింది, అదొక బాధ. దాన్ని తప్పు అని, తన పేరు పెట్టి, పదకొండు వేలమంది చదివేలా రాయడం ఇంకో బాధ. రెండోదే ఎక్కువ మండింది.

"సరిదిద్దావా, పీకేశావా?"

"రెండూ ఒకటేగా ఆడేవాడికి."

"నాకు కాదు. నేను జట్టులోకొచ్చిన మొదటి వారం గుర్తుందా? మీరంతా ఆయిలు ఖర్చయ్యేకొద్దీ పడవ తేలికవుతుందని రాసుకున్నారు. కాదు బాబూ, ట్యాంకులో ఆయిలు తగ్గిన చోటల్లా సముద్రపు నీళ్లొచ్చి చేరతాయి, నీళ్లు ఆయిలు కంటే బరువు, కాబట్టి పడవ తాగినకొద్దీ బరువెక్కుతుంది అన్నాను. అందరూ నవ్వారు. ఎవరు రైటు?"

"నువ్వే రైటు. అందుకేగా నీళ్లు నీ చేతికిచ్చాం," షెడ్లీ తల గోక్కున్నాడు. "అప్పుడు పుస్తకం చూపించావు. ఇప్పుడేం చూపిస్తావు? నైలు మీద ఆనకట్ట కట్టి వరద ఆపేసి అరవై ఏళ్లు. సముద్రంలో ఆ వరద చూసినవాడు ఎవడున్నాడు?"

"మా ఊళ్లో ఉన్నారు. గురువారం మధ్యాహ్నం దాకా టైమివ్వు. చూసినవాళ్ల చేత చెప్పిస్తాను. నా మాట తప్పయితే, నువ్వు రాసిన ఆ ముక్క కింద నేనే సంతకం పెడతాను."

"గురువారం పన్నెండు. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఇవ్వను," అన్నాడతను. వెనకాల ఎవడో పిల్లాడు బల్ల మీద దరువెయ్యడం మొదలుపెట్టాడు, మాస్టారు పరుగెత్తాడు.

చూసినవాళ్లు ఉన్నారని అనేసింది గానీ, ఎవరో ఆమెకి తెలీదు. హమ్మూదాని అడిగితే ఆయన క్షణం ఆలోచించలేదు. బహరీ పేటలో చేపల వేలం జరిగే చోటికి వెళ్లి యాకూత్ తాతని అడగమన్నాడు. ఎనభై రెండేళ్లు, పదేళ్ల వయసునుంచీ సార్డీన్ల వేటే, అబద్ధమాడడు, కానీ ఎదుటివాణ్ణి ఆడుకోకుండా వదలడు అని మూడు ముక్కల్లో మనిషిని గీసిపెట్టాడు.

మంగళవారం పని దిగాక నెవీన్ వెళ్లింది. వేలం పొద్దున్నే ముగిసిపోతుంది, నాలుగింటికి అక్కడ తడి నేల, పిల్లులు, వలలు బాగుచేసేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. యాకూత్ తాత గోడవార పీట మీద కూర్చుని, వల ఒక అంచు కాలి బొటనవేలికి తగిలించి లాగిపట్టి, చెక్కసూదితో చిరుగు కడుతున్నాడు. పక్కన గాజుగ్లాసులో నల్లటి టీ. ఆమె తనెవరో చెప్పి, హమ్మూదా పేరు చెప్పి, ఫోన్ తీసి మాటలు రికార్డు చేసుకోవచ్చా అని అడిగింది.

"దేనికీ? పోలీసులా?"

"కాదు తాతా. ఒక ఆట ఉంది, కంప్యూటర్లో. అందులో మన సముద్రం నేను తయారుచేశాను. వరద నీళ్లతో సహా. అది అబద్ధమంటున్నారు. మీరొక్క మాట చెబితే చాలు, వరదొస్తే సముద్రం అడుగుదాకా ఎర్రగా అయ్యేదని."

యాకూత్ తాత సూది ఆపాడు. ఆమెని పైనించి కిందిదాకా చూశాడు.

"అడుగుదాకానా? ఎవరు చెప్పారు?"

"అందరూ చెబుతారు. మా నాయనమ్మ ఎప్పుడూ అనేది, అడుగుదాకా ఎర్రనీళ్లే అని."

"మీ నాయనమ్మ వేటకెళ్లేదా?"

"లేదు."

"మరెక్కణ్ణించి చూసింది? ఒడ్డున గట్టుమీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ చూసిందా?" తాత పగలబడి నవ్వాడు. అవతల వల కడుతున్న ఇద్దరు కూడా నవ్వారు. "మహాతల్లి, అక్కణ్ణించి అడుగు కనబడిందా ఆవిడకి! ఈ ఊరోళ్లందరికీ అడుగు కనబడుతుందమ్మాయ్, పడవెక్కినోడికి తప్ప."

నెవీన్‌కి కోపం వచ్చింది. నాయనమ్మని వెక్కిరించినందుకు కొంత, ఫోన్లో రికార్డవుతున్నందుకు కొంత. అయినా కదల్లేదు. లెక్కలు చేసే మనిషికి ఉండే ఒక మొండితనం ఆమెని అక్కడే కూర్చోబెట్టింది.

"అయితే మీరు చెప్పండి. ఎంత లోతు?"

తాత వలని కాలి వేలి నుంచి తప్పించి లేచాడు. దాని పై అంచు అందుకుని గోడకున్న కొక్కేనికి తగిలించాడు. పైన బెరడు ముక్కల వరస, కింద సీసపు గుళ్ల వరస, మధ్యలో వల తెరలా జారింది.

"ఇది నీళ్లల్లో నిలువుగా నిలబడుతుంది, ఇదిగో ఇలా. రాత్రంతా వదిలి పొద్దున్న లాగితే, పైభాగమంతా బురద. ఎర్రటి బురద, మెత్తగా, సున్నిపిండిలా. ఒడ్డుకొచ్చి కడిగేవాళ్లం. ఇక్కడిదాకా," అని అరచేత్తో వలకి అడ్డంగా గీత గీశాడు. "దీని కింద? శుభ్రం. ఉతికినట్టుండేది. బురద చుక్క ఉండేది కాదు. పైన ఏరు, కింద సముద్రం. రెండూ ఒకదాని మీదొకటి పడుకునేవి, కలిసేవి కావు."

"కొంచెం కొంచెంగా మారేదా, గీత గీసినట్టు మారేదా?"

ఆ ప్రశ్నకి తాత మొహంలో ఎగతాళి తగ్గింది. ఇది అడగాల్సిన ప్రశ్న అన్నట్టు తల ఆడించాడు.

"గీత గీసినట్టే. మా నాన్న డబ్బాకి బిరడా పెట్టి, రాయి కట్టి, తాడుతో దింపేవాడు. లోపలికెళ్లాక బిరడాకి కట్టిన రెండో తాడు లాగితే ఊడిపోయి నీళ్లు నిండేవి. పైకి లాగి నోట్లో పోసుకుని చూసేవాడు. నాలుగు బారల దగ్గర తియ్యన. అయిదు, తియ్యన. ఆరు దాటి ఒక్క జానెడు దింపితే ఉప్పు, ఉమ్మేసేంత ఉప్పు. సార్డీను ఆ గీత మీదే మేసేది. గీత ఎక్కడో తెలియకపోతే వల ఖాళీగా వచ్చేది. అందుకని రోజూ చూసేవాళ్లం."

"ప్రతిచోటా ఆరేనా?"

"రషీద్ ఎదురుగా ఆరు. తూర్పుకి పోయేకొద్దీ అయిదు, నాలుగు. వరద పెద్దదైన ఏడు, ఏడు చూశాను. అడుగుదాకా ఎప్పుడూ చూళ్లేదు. పడవ కూడా ఆ నీళ్లల్లో ఒక వేలి మందం ఎక్కువ ములిగేది. అది మీ హమ్మూదా కూడా చెబుతాడు, వాళ్ల నాన్న పడవ మీద గీత పైకి జరిపి గీసేవాడు."

ఫైల్లో నెవీన్ వేసిన లోతు ముప్ఫై మీటర్లు. ఉప్పు పుస్తకం నుంచి తీసుకుంది, వేడి పుస్తకం నుంచి తీసుకుంది, లోతు మాత్రం ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరికీ చూడాలని తట్టదు. వరద ఆగిపోయాక పుట్టి, దాన్ని కథగా విన్నవాళ్లు వాళ్లంతా, ఆమెతో సహా. అక్కడ నేల ముప్ఫై నాలుగు. తేలిక నీళ్లు ముప్ఫైదాకా పోస్తే పడవ నేలకి కొట్టుకోక ఏంచేస్తుంది? కాయిస్ ఏం ముట్టుకోలేదు. అతని తప్పు గోరంత కూడా లేదు.

సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూనే బ్యాగులోంచి టేపు తీసింది.

"తాతా, ఒకసారి బార చాపండి."

యాకూత్ తాత నవ్వుతూ రెండు చేతులూ చాపాడు. ఆమె ఒక చేతి మధ్యవేలి కొసన టేపు పట్టుకోమని అవతలి వల మనిషికిచ్చి, రెండో చేతిదాకా లాగింది. నూట డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు.

"కుర్రతనంలో ఇంకాస్త ఎక్కువుండేవి. ఇప్పుడు భుజాలు బిగుసుకున్నాయి," అన్నాడు తాత, చేతులు దించకుండానే. "రాసుకో, అది కూడా."

ఆమె నూట ఎనభై నాలుగు అని రాసుకుంది. ఆరు బారలంటే పదకొండు మీటర్లు, చిన్న తేడాతో.

బుధవారం పొద్దున పడవకి మిగిలిన పలకలు బిగించారు. ఆవిరిపెట్టెలోంచి వేడి పలక తీసి చల్లారేలోపు వంచి మేకులు కొట్టాలి, అరుపులే అరుపులు. భోజనాల వేళకి గాని ఆమెకి ఖాళీ దొరకలేదు. పలకల గదిలో లాప్‌టాప్ తెరిచి ముప్ఫై తీసేసి పదకొండు వేసింది. జలాంతర్గామిని రషీద్ ఎదురుగా, పదమూడు మీటర్ల దగ్గర పెట్టి వదిలింది. ముల్లు చూపేది పడవ అడుగు లోతు, ఒళ్లు చాలావరకు ఇంకా వరద నీళ్లలోనే ఉంటుంది. పడవ దిగింది, దిగుతూనే పోయింది, ఇరవై తొమ్మిది దగ్గర గాని నెమ్మదించలేదు. ఆమె ఫైలు మళ్లీ పైనుంచి చదివింది. నీళ్ల బరువు పైనుంచి కిందికి ఏటవాలుగా, కొంచెం కొంచెంగా మారేలా తనే రాసింది. పుస్తకాల్లో గీతలన్నీ అలా నున్నగా ఉంటాయి. గీత గీసినట్టే అన్నాడు తాత. ఆమె ఆ ఏటవాలుని కొట్టేసి, మార్పంతా ఒక్క మీటరులో జరిగేలా రాసింది.

ఈసారి పడవ పద్నాలుగు దాటింది, పదిహేను దాటింది, పదహారున్నర దగ్గర ఆగింది.

కంప్యూటరు బిగుసుకుపోయిందేమో అనుకుంది. అలా బోలెడుసార్లు అవుతుంది. ముల్లు వైపు దగ్గరగా చూసింది. అది చిన్నగా వణుకుతోంది, పదహారు నాలుగు, పదహారు ఆరు. బిగుసుకుపోలేదు. మోటార్లు ఆపేసింది. మామూలు నీళ్లలో మోటారు ఆగితే పడవ ఏదో ఒక వైపు కదిలిపోతుంది. ఇది కదల్లేదు. పైన ఏరు, కింద సముద్రం, మధ్యలో ఏడొందల యాభై టన్నుల ఇనుము పరుపు మీద పడుకున్నట్టు పడుకుంది. నెవీన్ గట్టిగా ఒక్క అరుపు అరిచింది. హమ్మూదా ఎవరికో వేలు తెగిందనుకుని సుత్తితో సహా పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? తేలిందా, ములిగిందా?"

"రెండూ కాదు ఉస్తా. కూర్చుంది."

హమ్మూదా తెర వైపు వంగి చూశాడు. కదలని పడవని కాసేపు చూసి, "దీనికా అరిచావు?" అని వెళ్లిపోయాడు. ఆమె మాత్రం టీ చల్లారిపోయేదాకా అలాగే చూస్తూ కూర్చుంది. ఇంత ఆనందం ఆమెకి ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కరోజూ కలగలేదు.

గురువారం పదకొండున్నరకి షెడ్లీ, కాయిస్ ఇద్దరూ తెర మీదికొచ్చారు. కాయిస్‌ని రమ్మన్నది నెవీనే. వీడియోలో ఉన్నంత జోరు మనిషిలో లేదు, తన వల్ల ఎవరిదో పని పోతోందని షెడ్లీ చెప్పినట్టున్నాడు.

"అక్కా, తొట్టి మాట అన్నది నేనే. ఆడమనిషని తెలీదు," అన్నాడు.

"మగాడైతే తొట్టి ఇవ్వకూడదా? ఫైలు పంపించాను, వేసుకున్నావా? అదే చోటు, అదే నెల. వదులు."

కాయిస్ వదిలాడు. ముల్లు కదలగానే అతని చెయ్యి పంపు మీదికి పోయింది.

"ముట్టుకోకు," అంది నెవీన్.

"ములుగుతోందక్కా!"

"ములగనీ. చేతులు కట్టుకుని కూర్చో."

పద్నాలుగు. పదిహేను. కాయిస్ నిజంగానే చేతులు కట్టుకున్నాడు. పదహారున్నర. ముల్లు ఆగింది.

"ఇప్పుడు మోటార్లు ఆపు."

ఆపాడు. శబ్దమంతా పోయింది. పెరిస్కోపు అంచు కూడా నీళ్ల పైన లేదు. కాసేపటికి ఆటలో శత్రువుల ఓడ ఒకటి వాళ్ల నెత్తిమీదుగా, ప్రొపెల్లర్ల చప్పుడుతో, ఏమీ వినబడక అటునుంచి ఇటు, ఇటునుంచి అటు వెతికి వెళ్లిపోయింది. కాయిస్ గదిలో ఒంటరిగా కూర్చుని కూడా గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"నేనిక్కడున్నానని వాడికి తెలీలేదు... అక్కా, నేనిక్కడ రోజంతా ఉండిపోవచ్చు కదా?"

"గాలి సరిపోయినంతసేపు."

షెడ్లీ చప్పట్లు కొట్టాడు. "అయిపోయింది! ఫైలు ఉంటుంది. ఉండటమేంటి, విడుదలలో మొట్టమొదట దీని గురించే రాస్తాను. నెవీన్, ఆ తప్పు ముక్క తీసేస్తున్నాను, క్షమించు. అసలు జరిగిందేంటో ఇప్పుడర్థమైంది. మొన్న కాయిస్ కంగారుపడి పంపులు తిప్పేశాడు, మోటార్లు పెంచాడు, దాంతో గీత దాటి కిందికి పోయాడు. అదే రాస్తాను. ఆటగాడి తొందరపాటు, ఓపికపడితే కూర్చునేది అని."

"అంతేనేమో," అన్నాడు కాయిస్, మొహం ఎర్రబడింది. "కంగారుపడ్డ మాట నిజమే. పడవ కూర్చుంటుందని నాకేం తెలుసు? సరే, రాయండి. నవ్వించినవాణ్ణి నేనేగా, ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారు."

అంతా సర్దుకుపోయింది. మొన్నటి ఫైలూ నేటి ఫైలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు, షెడ్లీకి అంత తీరిక లేదు. నెవీన్ నోరు మూసుకుంటే చాలు. ఒక్క క్షణం మూసుకుంది కూడా. తెర మీద కాయిస్ చెవులు వెలిగిపోతున్నాయి. సోమవారం ఇదే గదిలో తన చెవులు అలాగే వేడెక్కాయి, చెయ్యని తప్పు పేరున రాశారని.

"ఆగు షెడ్లీ. అతను తొందరపడలేదు. మొన్నటి ఫైల్లో చేతులు కట్టుకు కూర్చున్నా నేలకే కొట్టుకునేది. వరద నీళ్లు ముప్ఫై మీటర్ల లోతు వేశాను. అసలు ఉన్నది పదకొండు. నిన్న మార్చాను."

షెడ్లీ కళ్లజోడు తీశాడు. "అంటే తప్పు నీదేనా?"

"నువ్వనుకున్న తప్పు కాదు. వరద పెట్టడం తప్పు కాదు. లోతు తప్పు. అది నాదే."

"చెప్పకపోతే పోయేదిగా! ఇప్పుడు మళ్లీ నవ్వుతారు."

"నవ్వనీ. చేసినదానికి నవ్వితే పడతాను. పత్రం నాకివ్వు, ఆ ముక్క నేను రాస్తాను."

షెడ్లీ పత్రం తెరిచి ఆమెకి వదిలాడు. అతను రాసిన వాక్యం మొత్తం చెరిపి, ఇద్దరూ చూస్తుండగా ఆమె కొత్తది కొట్టింది. "రషీద్ దగ్గర వరద నీటి లోతు తప్పు వేసింది నెవీన్. కాయిస్ పడవ నేలకి కొట్టుకున్నది అందువల్లే, నడపడం వల్ల కాదు. సరైన లోతు ఆరు బారలు. చెప్పినవారు యాకూత్, జాలరి, బహరీ పేట."

"బారలేంటి నెవీన్?" షెడ్లీ నెత్తి కొట్టుకున్నాడు. "ప్రపంచమంతా ఆడే ఆట. పదకొండు మీటర్లని రాయి."

"ఆయన మీటర్లతో చూళ్లేదు."

"ఎవడికి అర్థమవుతుంది?"

"చేతులు చాపి చూసుకుంటే అర్థమవుతుంది," అంది నెవీన్.

షెడ్లీ ఇంకేదో అనబోయాడు. అంతలో తెర రెండో పక్కన కాయిస్ కుర్చీ వెనక్కి జరిపి, లేచి నిలబడి, రెండు చేతులూ గోడకి ఆనించి చాపాడు. ఈ కొస నుంచి ఆ కొసకి తల తిప్పి చూసుకుని, పెదవులు కదుపుతూ ఆరుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"సరేలే, పంపించు," అన్నాడు షెడ్లీ.

ఆమె పంపించింది.